మిడిల్ స్కూల్ పిల్లలకు కౌన్సిలర్ ఏం చేస్తారు? నల్లగొండ, మహబూబ్‌నగర్ తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన విషయాలు

'కౌన్సిలర్' అనగానే మన దగ్గర చాలామందికి మున్సిపల్ వార్డు కౌన్సిలరే గుర్తొస్తారు. బడిలో కూడా ఒక కౌన్సిలర్ ఉండాలని, పిల్లల మాట వినడమే ఆ మనిషి అసలు పని అని చెబితే "దానికి కూడా ఒక ఉద్యోగమా?" అని ఆశ్చర్యపోతారు.

కానీ ఐదో తరగతి వరకు చక్కగా చదివిన పిల్లాడు ఏడో తరగతికి రాగానే బడికి పోనని మొండికేస్తే ఎవరిని అడగాలి? ఆడపిల్ల నెల రోజులుగా సరిగ్గా తినక, ఎవరితో మాట్లాడక మూలన కూర్చుంటే ఎవరికి చూపించాలి? టీచర్ "శ్రద్ధ లేదు" అంటారు. తండ్రి కోప్పడతాడు. దాదీమా నజర్ తగిలిందంటుంది. పిల్ల మనసులో ఏముందో మాత్రం ఎవరికీ తెలియదు. ఇలా మొదలైన కథ చాలా ఇళ్లలో బడి మానేయడంతో ముగుస్తుంది. అబ్బాయి మెకానిక్ షెడ్డుకో, దుకాణానికో పోతాడు. అమ్మాయికి సంబంధాలు చూడటం మొదలవుతుంది.

ఈ నష్టం జరగక ముందే పట్టుకునే మనిషే స్కూల్ కౌన్సిలర్. 100 మంది, అంతకంటే ఎక్కువ మంది విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అలాంటి మనిషి ఉండాలని సుప్రీంకోర్టు 2025 జులై 25న ఆదేశించింది. ఆ హక్కు ఏమిటి, ఆ పని ఎలా ఉంటుంది, కౌన్సిలర్ లేని బడిలో ఎవరిని పట్టుకోవాలి అన్నది ప్రతి కుటుంబం తెలుసుకోవడం మంచిది.

కౌన్సిలర్ ఎవరు, ఎవరు కాదు?

స్కూల్ కౌన్సిలర్ అంటే మనస్తత్వశాస్త్రం, సోషల్ వర్క్, గైడెన్స్ వంటి వాటిలో చదువు, శిక్షణ ఉన్న వ్యక్తి. మందులు రాయరు, సూదులు వేయరు. మందులు రాసేది సైకియాట్రిస్ట్. ఆయన ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టర్. సైకాలజిస్ట్ పరీక్షలు చేసి సమస్య ఏమిటో గుర్తిస్తారు, మాటలతో చికిత్స చేస్తారు. కౌన్సిలర్ బడిలోనే ఉండి పిల్లలతో మాట్లాడతారు, అవసరమైతే మిగతా ఇద్దరి దగ్గరికి పంపుతారు. ఆర్‌ఎంపీకి, పెద్దాసుపత్రికి మధ్య పీహెచ్‌సీ ఎలాగో, ఇంటికి, మానసిక వైద్యుడికి మధ్య కౌన్సిలర్ అలాగన్నమాట.

కౌన్సిలర్ క్రమశిక్షణ టీచర్ కూడా కాదు. అల్లరి చేసిన పిల్లాడికి శిక్ష వేయడానికి ఆ గదికి పంపితే, ఆ గది మీద పిల్లలందరికీ భయం పుడుతుంది. తర్వాత నిజంగా బాధలో ఉన్న పిల్ల కూడా అటువైపు పోదు.

ఆరు, ఏడు, ఎనిమిది: ఈ మూడేళ్లే ఎందుకు కీలకం?

ఈ తరగతుల పిల్లల వయసు సుమారు 11 నుంచి 14 ఏళ్లు. శరీరం మారుతుంది, గొంతు మారుతుంది, ఆడపిల్లలకు నెలసరి మొదలవుతుంది. తల్లిదండ్రుల మాట కంటే స్నేహితుల మాట పెద్దగా వినిపించే వయసు ఇది. అదే సమయంలో చదువూ బరువెక్కుతుంది. ఒకే టీచర్ అన్నీ చెప్పే ప్రైమరీ బడి నుంచి, పీరియడ్‌కో టీచర్ వచ్చే హైస్కూల్‌కు మారతారు. ప్రైమరీలో టీచర్‌కు ప్రతి పిల్లాడి ఇల్లు తెలుసు. ఇక్కడ ఆరుగురు టీచర్లు వచ్చి పోతారు కాబట్టి, ఒక పిల్లాడు మెల్లగా వాడిపోతుంటే ఎవరి కంటా పడకపోవచ్చు.

మానసిక సమస్యల్లో సగం 14 ఏళ్ల లోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 10 నుంచి 19 ఏళ్ల వాళ్లలో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుందని అదే సంస్థ అంచనా. మన దేశంలో ఎన్‌సీఈఆర్‌టీ 2022లో విడుదల చేసిన సర్వేలో ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా 3.79 లక్షల మంది విద్యార్థులను అడిగారు. చదువు, పరీక్షలు, ఫలితాల వల్లే ఆందోళనగా ఉంటోందని 81 శాతం మంది చెప్పారు. అంటే పదో తరగతి బోర్డు పరీక్ష వచ్చేదాకా ఆగితే ఆలస్యమైనట్టే.

మన జిల్లాల పిల్లలపై ఉన్న అదనపు బరువు

ఉమ్మడి నల్లగొండ అంటే ఇప్పటి నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి. ఉమ్మడి మహబూబ్‌నగర్ అంటే మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగుళాంబ గద్వాల, నారాయణపేట. ఈ ప్రాంతపు పిల్లల ఇబ్బందులన్నీ నగరాల్లోని పిల్లలకు ఉండేవి కావు.

మొదటిది వలస. పాలమూరు కూలీలు ముంబై, పుణె దాకా పోవడం తరతరాలుగా నడుస్తున్న కథ. తల్లిదండ్రులు పనికి పోతే పిల్లలు నానమ్మ దగ్గరో, సీజనల్ హాస్టల్‌లోనో ఉంటారు, లేదంటే బడి వదిలి వెంట పోతారు. తండ్రి గల్ఫ్‌లో ఉన్న ఇళ్లలో పరిస్థితి ఇంకో రకం. డబ్బు వస్తుంది, కానీ పిల్లాడికి తండ్రి ఫోన్‌లో కనిపించే ముఖంగానే మిగులుతాడు. గద్వాల ప్రాంతంలో విత్తన పత్తి చేలలో క్రాసింగ్ పనికి పిల్లలను పెట్టడం వల్ల వారాల తరబడి బడి పోతుంది. తిరిగొచ్చిన పిల్లకు పాఠం అర్థం కాదు. సిగ్గుతో మళ్లీ మానేస్తుంది.

రెండోది నల్లగొండ ఫ్లోరైడ్. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ పరిమితి దాటి ఉండటం దేశమంతా తెలిసిన విషయమే. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక పరిస్థితి మారింది. కానీ చిన్నప్పుడు ఆ నీళ్లు తాగిన పిల్లల పళ్ల మీద పడిన గోధుమ రంగు మచ్చలు తుడిస్తే పోవు. పన్నెండేళ్ల పిల్లకు అది పెద్ద బాధ. నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది, క్లాసులో లేచి చదవమంటే చదవదు. టీచర్‌కు అది మొండితనంలా కనిపిస్తుంది. పక్కన కూర్చుని అడిగేవాళ్లుంటే అసలు సంగతి పది నిమిషాల్లో బయటపడుతుంది.

మూడోది భాష. ఐదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివి, దగ్గర్లో ఉర్దూ హైస్కూల్ లేక తెలుగు లేదా ఇంగ్లిష్ మీడియంలో చేరే పిల్లలున్నారు. ఇంట్లో దక్కనీ, బజారులో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్. తెలివి ఉన్నా మాట రాక వెనక బెంచీకి పోతారు. క్లాసులో "తుర్కోడు" అని వెక్కిరించినా, పేరు చూసి, హిజాబ్ చూసి జోకులేసినా ఇంట్లో చెప్పరు. చెబితే గొడవ అవుతుందని భయం.

నాలుగోది ఇల్లు వదలడం. తెలంగాణ మైనారిటీ గురుకులాలు 2016లో మొదలయ్యాయి. తర్వాత వాటి సంఖ్య రాష్ట్రమంతటా 204కు చేరింది. ఐదో తరగతిలో ప్రవేశం, అంటే పదేళ్ల పిల్లలు. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో ఆరో తరగతి నుంచి చేరతారు. 2004లో మొదలైన ఆ పథకంలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ బాలికలకు 75 శాతం సీట్లు. ఈ బడులు వేల పేద కుటుంబాల ఆడపిల్లలకు చదువునిచ్చాయి. అయినా రాత్రి అమ్మ గుర్తొచ్చి ఏడ్చే పిల్లకు, పక్క తడిపి సిగ్గుపడే పిల్లాడికి తోడు కావాలి. వార్డెన్ ఒక్కరే వందల మందికి అమ్మ కాలేరు.

కౌన్సిలర్ రోజూ చేసే పని

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఏడో తరగతి అబ్బాయి ప్రతి సోమవారం కడుపునొప్పి అంటాడు. డాక్టర్ ఏమీ లేదన్నారు. ఇంట్లో నాటకాలంటున్నారు. కౌన్సిలర్ అతన్ని నేరుగా "ఎందుకు బడికి రావట్లేదు?" అని అడగరు. ఏ రోజు నొప్పి వస్తోంది, ఆ రోజు ఏ పీరియడ్లు, బస్సులో పక్కన ఎవరు కూర్చుంటారు అని మెల్లగా అడుగుతారు. రెండు మూడు సార్లు మాట్లాడాక తేలేదేమంటే, సోమవారం మొదటి పీరియడ్ లెక్కలు, బోర్డు మీద చేయమంటారు, తప్పు చేస్తే అందరూ నవ్వుతారు. అప్పుడు కౌన్సిలర్ లెక్కల టీచర్‌తో మాట్లాడతారు. ఒక నెల బోర్డు దగ్గరకు పిలవకుండా నోటుబుక్కులో చేయించమంటారు. ఇంట్లో అమ్మకు "నాటకం అనకండి, నొప్పి నిజమే, కారణం కడుపులో లేదు" అని చెబుతారు. భయం ఉంటే ఒళ్లు నిజంగానే నొప్పి పెడుతుంది.

మొత్తంగా చూస్తే ఆ పనిలో ఐదు భాగాలుంటాయి.

ఒకటి, పిల్లలతో విడిగా మాట్లాడటం. రెండు, క్లాసు మొత్తానికి పాఠాలు చెప్పడం: కోపం వస్తే ఏం చేయాలి, ఎవరైనా తాకకూడని చోట తాకితే ఎవరికి చెప్పాలి, ఫోన్‌లో తెలియని వాళ్లు ఫోటో అడిగితే ఏం చేయాలి. మూడు, టీచర్లకు సలహా ఇవ్వడం. నాలుగు, తల్లిదండ్రులతో మాట్లాడటం. ఐదు, తన వల్ల కానిదాన్ని డాక్టర్‌కో, బాలల రక్షణ అధికారులకో అప్పగించడం.

ఎనిమిదో తరగతికి వచ్చేసరికి ఇంకో పని కలుస్తుంది, ముందు చదువు దారి చూపించడం. నిజానికి ఈ వృత్తి పుట్టిందే అక్కడ. 1908లో అమెరికాలోని బోస్టన్‌లో ఫ్రాంక్ పార్సన్స్ పేద యువకులకు తగిన పని ఎంచుకోవడంలో సాయం చేసేందుకు ఒక కేంద్రం తెరిచారు. అదే తర్వాత బడుల్లోకి వచ్చింది. ఇప్పుడు అక్కడి స్కూల్ కౌన్సిలర్ల సంఘం 250 మంది విద్యార్థులకు ఒక కౌన్సిలర్ ఉండాలంటోంది. మన దేశంలో 1964-66 కొఠారీ కమిషన్ కూడా గైడెన్స్ ప్రతి విద్యార్థికీ అందాలని చెప్పింది. చెప్పి అరవై ఏళ్లు కావస్తోంది.

చెప్పింది రహస్యంగా ఉంటుందా?

తల్లిదండ్రులకు ఎక్కువ అనుమానం వచ్చేది ఇక్కడే. "మా ఇంటి సంగతులు బడిలో అందరికీ తెలిస్తే ఇజ్జత్ ఏం కావాలి?" అంటారు. పిల్ల చెప్పిన మాట కౌన్సిలర్ స్టాఫ్‌రూమ్‌లో చెప్పకూడదు, మార్కుల రికార్డులో రాయకూడదు. అది ఆ వృత్తి నియమం.

కానీ కొన్ని విషయాల్లో రహస్యం ఉండదు. పిల్ల తన ప్రాణానికి హాని చేసుకునే ప్రమాదం ఉంటే, ఎవరైనా పిల్లను హింసిస్తుంటే చెప్పాల్సిన వాళ్లకు చెప్పి తీరాలి. లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం 2012లోని 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. దాచిపెడితే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది. కౌన్సిలర్‌కైనా, హెడ్‌మాస్టర్‌కైనా, బంధువుకైనా ఇదే వర్తిస్తుంది. మంచి కౌన్సిలర్ ఈ హద్దును మొదటి రోజే పిల్లకు చెబుతారు.

చట్టం, కోర్టు ఏమంటున్నాయి?

విద్యా హక్కు చట్టం 2009లో 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. అయితే ఆ చట్టంలోని సిబ్బంది పట్టికలో కౌన్సిలర్ పోస్టు లేదు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 35 మందికి ఒక టీచర్, 100 మంది దాటితే పూర్తికాలపు హెడ్‌మాస్టర్, కళలకు, వ్యాయామానికి, పని విద్యకు పార్ట్‌టైమ్ బోధకులు అని ఉంది, అంతే. 2020 జాతీయ విద్యా విధానం మాత్రం బడులకు కౌన్సిలర్లు లేదా శిక్షణ పొందిన సోషల్ వర్కర్లు ఉండాలని రాసింది.

అసలు మార్పు 2025లో వచ్చింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల విద్యార్థిని మరణించిన కేసులో జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం దేశమంతటికీ వర్తించేలా 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారన్న ప్రభుత్వ లెక్క కోర్టు ముందుంది. కోర్టు చెప్పిన వాటిలో తల్లిదండ్రులకు పనికొచ్చేవి ఇవి:

100 మంది, అంతకంటే ఎక్కువ మంది ఉన్న సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సిలర్, సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ ఉండాలి. అంతకంటే చిన్న బడులు బయటి నిపుణులతో ఒప్పందం పెట్టుకోవాలి. పరీక్షల సమయంలో, ఒక దశ నుంచి ఇంకో దశకు మారేటప్పుడు చిన్న బృందాలకు మెంటర్‌ను కేటాయించాలి. మార్కులను బట్టి పిల్లలను సెక్షన్లుగా విడగొట్టొద్దు, అందరి ముందు అవమానించొద్దు. టీచింగ్, నాన్ టీచింగ్ సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. కులం, మతం, లింగం, వైకల్యం వంటి వాటి ఆధారంగా వేధిస్తే రహస్యంగా ఫిర్యాదు చేసే ఏర్పాటు ఉండాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతుల్లో కనిపించేలా రాయాలి. అమలు చూడటానికి కలెక్టర్ అధ్యక్షతన జిల్లా కమిటీ ఉండాలి.

ఈ ఆదేశాలు ప్రభుత్వ బడికీ, ప్రైవేటు బడికీ, హాస్టల్‌కూ, కోచింగ్ సెంటర్‌కూ వర్తిస్తాయి. ప్రత్యేక చట్టం వచ్చేదాకా ఇవే చట్టంతో సమానం.

కౌన్సిలర్ లేకపోతే ఎవరిని అడగాలి?

ఆదేశం కాగితం మీద ఉన్నంత మాత్రాన రేపే బడికి కౌన్సిలర్ రారు. అప్పటిదాకా ఉన్న దారులు ఇవి.

బడిలో: ఆయుష్మాన్ భారత్ కింద 2020లో మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో ప్రతి బడి నుంచి ఇద్దరు టీచర్లకు 'హెల్త్ అండ్ వెల్‌నెస్ అంబాసిడర్'గా శిక్షణ ఇవ్వాలి. మీ బడిలో వాళ్లెవరో హెడ్‌మాస్టర్‌ను అడగండి. కస్తూర్బాలో ఏఎన్‌ఎం, గురుకులంలో స్టాఫ్ నర్స్ ఉంటారు. చాలాసార్లు పిల్లలు ముందుగా చెప్పుకునేది వాళ్లకే.

ఫోన్‌లో: టెలి మానస్ నంబరు 14416. 2022 అక్టోబర్ 10న మొదలైంది, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. కేంద్ర విద్యాశాఖ 'మనోదర్పణ్' నంబరు 8448440632 విద్యార్థులకు, తల్లిదండ్రులకు, టీచర్లకు. హింస, బాల్య వివాహం, బాల కార్మికుల విషయమైతే 1098. పేరు చెప్పకుండా కూడా సమాచారం ఇవ్వొచ్చు.

ఆసుపత్రిలో: 2014లో మొదలైన కేంద్ర కిశోర స్వాస్థ్య కార్యక్రమం 10 నుంచి 19 ఏళ్ల వాళ్ల కోసమే. మీ పీహెచ్‌సీలో కౌమార ఆరోగ్య క్లినిక్ ఎక్కడుందో ఆశా కార్యకర్తను అడగండి. మానసిక వైద్యుడు కావాలంటే మహబూబ్‌నగర్, నల్లగొండ ప్రభుత్వ మెడికల్ కాలేజీల ఆసుపత్రుల్లో చూపించుకోవచ్చు. అంతకంటే పెద్ద సమస్యకు హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయం ఉంది.

"పిచ్చి అంటారేమో" అన్న భయం

మన కుటుంబాలను ఆపేది ఎక్కువగా ఖర్చు కాదు, మాట. "పిల్లను పిచ్చి డాక్టర్‌కు చూపించారంట" అని బంధువుల్లో తెలిస్తే రేపు పెళ్లి సంబంధం ఎలా అన్న భయం. అందుకే ముందు తాయెత్తు, తర్వాత ఆమిల్, తర్వాత దర్గా, చివరికి ఆసుపత్రి. ఈలోగా ఏడాది గడిచిపోతుంది.

దువా మానమని ఎవరూ చెప్పరు. మన పెద్దలే "దువా భీ, దవా భీ" అంటారు. జ్వరం వస్తే దువా చేస్తూనే మాత్ర వేస్తాం కదా, మనసు విషయంలోనూ అంతే. మసీదు ఇమామ్ సాబ్, మక్తబ్‌లో ఖురాన్ చెప్పే ఉస్తాద్, ఆపా రోజూ ఈ వయసు పిల్లలను చూస్తారు. ఒక పిల్లాడు కొన్ని రోజులుగా మారిపోయాడని వాళ్లకు ముందే తెలిసే అవకాశం ఉంది. కొట్టకుండా, అందరి ముందు అనకుండా తల్లిదండ్రులకు చెప్పి, 14416 నంబరు ఇస్తే అదే పెద్ద సాయం.

ఆడపిల్ల చదువులో వెనకబడిందని పెళ్లి చేయడం పరిష్కారం కాదు. 18 ఏళ్లలోపు పెళ్లి బాల్య వివాహ నిషేధ చట్టం 2006 ప్రకారం నేరం. 14 ఏళ్లలోపు అబ్బాయిని షెడ్డులో పనికి పెట్టడమూ నేరమే. అదలా ఉంచితే, ఆ పిల్లల్లో కొందరికి కావాల్సింది ఒక టీచర్ మారడమో, ఒక వెక్కిరింత ఆగడమో, ఒక కళ్లజోడో మాత్రమే.

ఆలస్యం చేయకూడని సూచనలు

రెండు వారాలు దాటి నిద్ర, తిండి తగ్గడం. ఇష్టమైన ఆట కూడా మానేయడం. మార్కులు ఒక్కసారిగా పడిపోవడం. కారణం లేని నొప్పులు. ఒంటి మీద కోసుకున్న గీతలు. ఇష్టమైన వస్తువులు ఇచ్చేయడం. "నేను లేకపోతే మీకే మంచిది" వంటి మాటలు. ఇవి కనిపిస్తే తిట్టొద్దు, ఒంటరిగా వదలొద్దు. "చనిపోవాలనిపిస్తోందా బేటా?" అని నేరుగా అడగొచ్చు. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగితే పిల్లకు బరువు దిగుతుంది. ఆ రోజే 14416కు ఫోన్ చేయాలి లేదా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పేరెంట్స్ మీటింగ్‌లో అడగాల్సిన ఐదు ప్రశ్నలు

1. మా బడిలో కౌన్సిలర్ ఉన్నారా? లేకపోతే ఏ నిపుణులతో ఏర్పాటు ఉంది?
2. హెల్త్ అండ్ వెల్‌నెస్ టీచర్లు ఎవరు?
3. హెల్ప్‌లైన్ నంబర్లు ఏ గోడ మీద రాశారు?
4. వెక్కిరింత, వేధింపు జరిగితే పిల్ల ఎవరికి రహస్యంగా చెప్పాలి?
5. ఈ ఏడాది సిబ్బందికి శిక్షణ ఎప్పుడు జరిగింది?

ఈ ప్రశ్నలు అడగడానికి పెద్ద చదువు అక్కర్లేదు. విద్యా హక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. అంటే అమ్మీలకు అక్కడ కుర్చీ ఉంది. ప్రశ్న రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద హెడ్‌మాస్టర్ సంతకం తీసుకోండి. జవాబు రాకపోతే ఎంఈఓకు, ఆ తర్వాత డీఈఓకు, కలెక్టరేట్ ప్రజావాణికి ఇవ్వొచ్చు.

కౌన్సిలర్ వచ్చేదాకా ఇంట్లో చేయగలిగింది ఒకటుంది. రోజూ మగ్రిబ్ తర్వాతో, అన్నం తినేటప్పుడో పది నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి "ఇవాళ బడిలో ఎవరితో కూర్చున్నావు?" అని అడగడం. మార్కుల గురించి ఆ పది నిమిషాలు అడగొద్దు. చెప్పింది మధ్యలో ఆపకుండా వినాలి.